కోళ్ళ బీరువా

3వ తేదీ, సోమవారం

కోళ్ళు వచ్చేశాయి. నాలుగు పెట్టలు. అట్టడబ్బాకి రెండు చొప్పున, టాక్సీ వెనక సీట్లో లెక్కల టీచరుగారికి చెరోపక్కా కూర్చుని వచ్చాయి. దారంతా ఆవిడ వాటితో మాట్లాడుతూనే ఉన్నారని, తనతో మాత్రం ఒక్క ముక్క మాట్లాడలేదని టాక్సీ అతను నా దగ్గర వాపోయాడు.

టీచరుగారు బళ్ళో నాకు మూడేళ్ళు లెక్కలు చెప్పారు. ఇప్పుడు మోకాళ్ళు మొరాయించడంతో సొంతిల్లు వదిలి తమ్ముడిగారి ఫ్లాటుకి మారిపోతున్నారు. మూడో అంతస్తు. లిఫ్టు ఉంది, పెరడు లేదు. ఆవిడ ఇంట్లో తలుపు నేలకి రాసుకుంటోందని చూడడానికి వెళ్ళిన నాన్న, తలుపుతోపాటు కోళ్ళ సంగతి కూడా చూస్తానని ఒప్పుకుని వచ్చాడు. అమ్మకి ఆ మాట చెప్పడానికి నాలుగు రోజులు పట్టింది. "వార్డులో నలభై మందిని చూసి ఇంటికొస్తే ఇక్కడ ఇంకో నలుగురా" అంది అమ్మ. అంతే. అమ్మ నర్సు. గొంతు పెంచదు, గుర్తు పెట్టుకుంటుంది.

టీచరుగారు ఒక కాగితం ఇచ్చారు. గళ్ళ కాగితం మీద అంకెలు వేసి, లెక్కకి మెట్లు రాసినట్టు రాశారు. వారం పాటు గూడు తలుపు తెరిచి వదలకూడదు, అదే తమ ఇల్లని వాటి ఒంటికి తెలియాలి. మేతా నీళ్ళూ ఒకే మనిషి పెట్టాలి, పదిమంది వెళ్ళి తొంగిచూడకూడదు. గుడ్లు పెట్టలేదని బెంగపడకూడదు, చోటు మారితే కొన్నాళ్ళు మానేస్తాయి. పొద్దు వాలేసరికి కర్ర ఎక్కి పడుకోవాలి, ఎక్కకపోతే ఎందుకో కనుక్కోవాలి. ఈ చివరిదాని కింద రెండు గీతలు.

"రెండు వారాలకి వచ్చి చూస్తాను. కుదురుకోకపోతే మొహమాటపడకుండా చెప్పండి. ఊరి బయట ఫారం పెట్టుకున్న నా స్టూడెంటొకడు ఉన్నాడు, వాడికిచ్చేస్తాను" అన్నారు. ఫారంలో వీటి గతేమిటో ఆవిడా చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఆ ఒకే మనిషి ఎవరన్న దగ్గర ముగ్గురూ నావైపు తిరిగారు. నాన్నకి వెనక షెడ్డులో వడ్రంగం పని, అమ్మకి డ్యూటీ. నాకైతే మూడు వారాల సెలవు.

సెలవు కాదు. ఇక్కడైనా సరిగ్గా రాసుకోవాలి. పోయిన నెల ఇరవై ఆరున ఉద్యోగం మానేశాను. ఆఫీసులో ఏసీ నాకు పడలేదు. ఇంట్లో ఎవరికీ తెలీదు. కోళ్ళు కుదురుకోగానే నాన్నకి చెప్పేస్తాను. ఒక ఇంట్లో ఒకేసారి రెండు గొడవలెందుకు.

నా గదిలో కిటికీ దగ్గర బల్ల తుడుచుకుని, పెన్నుల స్టాండు పెట్టుకుని కూర్చున్నాను. ఇక్కణ్ణించి గూడు కనిపిస్తుంది. నాలుగూ ఒక మూల ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. కర్ర ఒక్కటీ ఎక్కలేదు. మొదటిరోజు కదా.

4వ తేదీ, మంగళవారం

గూడు గురించి రాయాలి. నాన్న దాన్ని పన్నెండు రోజులు చేశాడు. ముప్ఫై ఏళ్ళుగా బీరువాలు చేసిన చెయ్యి. ముందువైపు ఇనప జాలీ, తలుపుకి ఇత్తడి బందులు. ఎక్కడ వెతికినా మేకు తల కనపడదు. పైన గుడ్లు పెట్టుకోవడానికి వరసగా మూడు అరలు. వాటి కింద, ఈ చివర్నించి ఆ చివరిదాకా, కోళ్ళు ఎక్కి పడుకోవడానికి గుండ్రటి కర్ర. దానికి మూడు పూతల పాలిష్. నేల మీద మెత్తగా చిత్రిక పొట్టు. పక్కింటాయన చూసి తనకీ అలాంటిదొకటి చేసిపెట్టమన్నాడట, బట్టలు పెట్టుకోవడానికి.

పొద్దున మేతగిన్నె పెట్టగానే ఎవరు ఎవరో తేలిపోయింది. ఎర్రది ముందుగా వచ్చి గిన్నెలో ఒక కాలు వేసి నిలబడింది. దాని పేరు మేనేజరు. నల్లది ప్రతి గింజనీ తల పక్కకి వంచి పరీక్షించిగానీ తినదు. ఆడిటరు. మచ్చలది మనిషి అలికిడైతే చాలు జాలీ దగ్గరికి పరిగెత్తుకొస్తుంది, వచ్చాక పనేమీ ఉండదు. రిసెప్షను. నాలుగోది బూడిదరంగుది, చిన్నది, మిగతావి తిని తప్పుకునేదాకా గోడకి ఆనుకుని నిలబడుతుంది. ట్రైనీ.

పేర్లు నాన్నకి చెప్తే నవ్వాడు. మీ డిజైను సెక్షన్లో అందరూ ఇలాగే ఉంటారా అన్నాడు.

నేను డిజైను సెక్షన్లో ఎప్పుడూ లేను. మాది అల్మరాలని విడి చెక్కలుగా డబ్బాలో పెట్టి అమ్మే కంపెనీ. కొన్నవాళ్ళే ఇంట్లో బిగించుకోవాలి. కుదరక ఫోను చేసేవాళ్ళకి జవాబు చెప్పేందుకు ఒక పెద్ద గది ఉంది. ఆ ఫోన్ల రికార్డింగులు విని, జవాబు చెప్పినవాళ్ళకి మార్కులు వెయ్యడం నా పని. పెద్ద ఫర్నిచర్ కంపెనీలో ఉద్యోగం అనగానే నాన్న డిజైను అనుకున్నాడు. అనుకోనిచ్చాను. మా అమ్మాయి కాగితం మీద గీత గీస్తే లక్ష ఇళ్ళలో అల్మరా లేస్తుందని మూడేళ్ళుగా కనపడ్డవాళ్ళకల్లా చెప్పుకుంటున్నాడు.

5వ తేదీ, బుధవారం

కర్ర ఎవరూ ఎక్కలేదు. కొత్త చోటు కదా.

6వ తేదీ, గురువారం

ట్రైనీ కోసం రెండో మేతగిన్నె పెట్టాను, మొదటిదానికి దూరంగా, నీళ్ళ తొట్టి వెనక. మేనేజరు ఆ గిన్నె దగ్గరికీ వెళ్ళింది. దీని దగ్గర ఉంటే అది ఖాళీ అవుతుంది, దాని దగ్గర ఉంటే ఇది. పావుగంట అటూ ఇటూ పరుగులు పెట్టి రొప్పుతూ నిలబడింది. ఆ సందులో ట్రైనీ కడుపునిండా తింది. చాలా రోజుల తర్వాత గట్టిగా నవ్వాను, ఒక్కదాన్నే, జాలీ ముందు గొంతుక్కూర్చుని.

నిన్న సాయంత్రం పొద్దు వాలుతుంటే మేనేజరు, ఆడిటరు, రిసెప్షను మూడూ ఎగిరి పైన గుడ్ల అరల్లోకి దూరాయి, అరకొకటి చొప్పున. కర్ర వైపు కూడా చూడలేదు. ట్రైనీ కింద పొట్టులోనే. ఇవాళ పొద్దున అరలు కడిగేటప్పటికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది. పడుకున్నచోటే రెట్టలేస్తాయి. ఇక అందులో గుడ్డు పెట్టినా ఎవరు ముట్టుకుంటారు.

నాన్న టీచరుగారి రెండో మెట్టుని తు.చ. తప్పకుండా పాటిస్తున్నాడు. ఒకే మనిషి అన్నారు కాబట్టి గూడు దగ్గరికి రాడు. షెడ్డు గుమ్మంలో నిలబడి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, అక్కణ్ణించే చూస్తాడు. సాయంత్రం టీ తెచ్చి నా గదిలో ఇచ్చాడు. కప్పు బల్ల మీద పెడుతూ కాసేపు అక్కడే నిలబడ్డాడు.

"ఎక్కుతున్నాయా అమ్మా?"

"అలవాటు పడుతున్నాయి నాన్నా" అన్నాను.

ఆయన బల్ల వంక చూసి, నన్ను చూసి, సరేనని వెళ్ళిపోయాడు.

7వ తేదీ, శుక్రవారం

ఏసీ సంగతి నిజమే గానీ అదొక్కటే కాదు. బస్సు కూడా చాలా దూరం. అక్కడ నేనుండే గదినించి వెళ్ళడానికి గంటా పావు, రావడానికి గంటన్నర. ఎవరైనా ఎన్నాళ్ళు చేస్తారు.

దానికి ట్రైనీ అని పేరు పెట్టకుండా ఉండాల్సింది.

8వ తేదీ, శనివారం

కారణం తెలిసింది. తెలియకపోతే బాగుండేది.

సాయంత్రం రిసెప్షను ఎందుకో బుద్ధిపుట్టి కర్ర మీదికి ఎగిరింది. రెండు కాళ్ళూ ఆన్చింది. ఆన్చగానే కాళ్ళు ముందుకి జారాయి, రెక్కలు టపటపలాడించి వెనక్కి పడింది. మళ్ళీ ఎక్కింది, మళ్ళీ జారింది. మూడోసారి ప్రయత్నించకుండా పైన అరలోకి వెళ్ళిపోయింది. తలుపు తీసి కర్ర మీద వేలు పెట్టి చూశాను. గాజు. దాన్ని పట్టుకుని నిలబడమంటే నాకే సాధ్యం కాదు. అదీగాక కోడి ఎప్పుడూ ఉన్నవాటిలో ఎత్తయిన చోటే పడుకుంటుంది, ఆ మాట టీచరుగారి కాగితం వెనకవైపు రాసే ఉంది. మనకి ఎత్తు మీద అరలున్నాయి, కర్ర వాటి కింద ఉంది.

పైన అరలు, కింద నున్నటి గుండ్రటి కడ్డీ. ఎక్కడో చూసినట్టుందని ఆలోచిస్తే నా గదిలోనే ఉంది. మా ఇంట్లో మూడున్నాయి. ఈ వీధిలో పదిహేను ఉంటాయి. నాన్న కోళ్ళకి బీరువా చేశాడు. హ్యాంగర్లు తగిలించడం ఒక్కటే తక్కువ.

షెడ్డు గుమ్మంలోంచి చెయ్యెత్తి ఏమైందన్నట్టు సైగ చేశాడు. ఏం లేదన్నట్టు చెయ్యూపాను.

9వ తేదీ, ఆదివారం

ఆదివారం కదా, నాన్న పని పెట్టుకోలేదు. గూడు చూడడానికి ఆయన స్నేహితులిద్దరు వచ్చారు. ఒకాయన నేను వారిస్తున్నా తలుపు మూసీ తెరిచీ, చప్పుడే లేదు చూశావా అని రెండో ఆయనకి చూపించాడు. షెడ్డు గుమ్మంలో నిలబడ్డ నాన్న మొహంలో వెలుగు. ఈ మధ్య జనం అందరూ డబ్బాల అల్మరాలు కొంటున్నారు, ఆయన చేతికి పని తగ్గింది. ఏడాదిలో ఆయన మనసుపెట్టి చేసిన వస్తువు ఈ గూడు ఒక్కటే. దాన్నిప్పుడు నేను తప్పు అనాలి.

వాళ్ళు వెళ్ళాక, ఇంకా ఎక్కట్లేదేంటని అడిగాడు. కొన్నిటికి టైము పడుతుంది, ఇంకో రెండు రోజులు చూద్దాం అన్నాను. నోట్లోంచి మాట రాగానే గుర్తుపట్టాను. అది నా మాట కాదు, ఆఫీసు మాట. ఫోను గదిలో ప్రతి బల్ల మీదా అట్ట మీద అంటించి ఉంటుంది: దయచేసి ఇంకొకసారి ప్రయత్నించి చూడండి. మరలన్నీ సమానంగా బిగించారా. ఇంట్లో నేల మట్టంగానే ఉందా. ఏమన్నా అనొచ్చు, "తప్పు మాది" అని తప్ప. ఆ మాట ఎవరన్నా అంటే ఆ ఫోనుకి సున్నా మార్కులు. సున్నా వేసేది నేను.

10వ తేదీ, సోమవారం

ఇవాళ చెప్పలేదు. వారం అయింది గానీ తలుపు తెరవడానికి ధైర్యం చాల్లేదు. పడుకోవడానికి చోటు కుదరని ఇంటికి ఏ కోడి మాత్రం తిరిగొస్తుంది.

11వ తేదీ, మంగళవారం

పొద్దున ట్రైనీ కుంటుతూ కనిపించింది. నిన్న సాయంత్రం ఏదో ఒకటి దాన్ని మూలనించి తరిమి ఉంటుంది, కర్ర ఎక్కబోయి జారి తొట్టి అంచు మీద పడినట్టుంది. అమ్మ డ్యూటీకి తయారై ఉంది, తెల్లబట్టల్లోనే పెరట్లో పీట వేసుకుని దాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకుంది. వేలు వేలూ కదిపి చూసింది, పాదం నొక్కి చూసింది. అది కళ్ళు మూసుకుని చూపించుకుంది, ఏ పేషెంటూ అంత బుద్ధిగా ఉండదని అమ్మే అంది. ఎముక విరగలేదు, రెండు రోజుల్లో తగ్గుతుంది.

"ఎక్కణ్ణించి జారింది?"

"తెలీదమ్మా. సరిగ్గా ఎక్కడం రాదేమో దానికి."

అమ్మ కోడి పాదం మీంచి చెయ్యి తీసింది. "వార్డులో పేషెంటు జారిపడితే మేం ముందు నేల తడిగా ఉందా అని చూస్తాం. నడవడం రాదేమో అనం."

కోడిని నా చేతుల్లో పెట్టి, ఒళ్ళో ఈకలు దులుపుకుని బస్సుకి వెళ్ళిపోయింది.

ఇన్నాళ్ళూ రాయకుండా నెట్టుకొచ్చాను. రాస్తాను.

ఆఫీసులో ఒక ట్రైనీ ఉండేది. చేరి రెండు నెలలు. నన్ను అక్కా అనేది. ఒకరోజు టీ తాగుతుంటే, ఒకే రకం అల్మరా మీద ఇన్ని ఫోన్లెందుకొస్తున్నాయక్కా అని అడిగింది. వడ్రంగి కూతుర్ని కదా, ఊరుకోలేకపోయాను. కింద షోరూములోకి తీసుకెళ్ళి చూపించాను. పక్క చెక్కలో వేసిన రంధ్రం రెండు మిల్లీమీటర్లు జరిగింది. మర ఎంత బిగించినా అర ముందుకి ఒరుగుతుంది. కొన్నవాళ్ళ తప్పు కాదు. నాన్న దగ్గర నేర్చుకున్నదంతా దాని ముందు ఒలకబోశాను.

మర్నాడు ఒక పెద్దాయన ఫోను చేశాడు. అర ఒరిగి, ఆయన భార్య దాచుకున్న గాజుసామానంతా పగిలిపోయిందట. ఆయనకి మర బిగించడం చేతకాలేదని ఆవిడ అంటోందట. ఆ పిల్ల ఒక్క క్షణం ఆగి, "మీ తప్పేం లేదండీ, తప్పు మాదే" అంది. ఆయన ఎంతసేపు మాట్లాడలేదో నాకు తెలుసు. పదకొండు సెకన్లు. రికార్డింగు నా చెవిలోకే వచ్చింది. సున్నా వేశాను. కారణం అనే గడిలో, సంస్థ తప్పును అంగీకరించారు అని నా చేత్తో రాశాను. శుక్రవారానికి దాని కుర్చీ ఖాళీ.

అక్కతో ఒక్క మాట చెప్పకుండా వెళ్ళిపోయిందే అని నొచ్చుకున్నాను కూడా.

రెండు వారాల తర్వాత నేనూ మానేశాను. ఏసీ కాదు. బస్సూ కాదు.

12వ తేదీ, బుధవారం

చెప్పాను. రెండూ చెప్పాను.

పొద్దున షెడ్డులోకి వెళ్ళేసరికి నాన్న ఒక చెక్కకి చిత్రిక పడుతున్నాడు. నేను గుమ్మంలోనే నిలబడి, ఇంకో ఆలోచన వచ్చేలోపు అనేశాను.

"నాన్నా, గూట్లో కర్ర తప్పుగా ఉంది. అవి ఎక్కట్లేదు. ఒక్కరోజు కూడా ఎక్కలేదు."

చిత్రిక ఆగింది. చేతులు తుడుచుకుని నాతో వచ్చాడు. టీచరుగారి మెట్టు గుర్తొచ్చి, నేను రావచ్చా అని అడిగాడు. రమ్మన్నాను. తలుపు తీసి మోకాళ్ళ మీద కూర్చుని లోపలికి చెయ్యి పెట్టాడు. కర్ర పట్టుకున్నాడు, చెయ్యి జారింది. పైన అరలు చూశాడు. కింద కర్ర చూశాడు. మళ్ళీ పైన చూశాడు. మేనేజరు ఆయన ముంజేతిని ఒక పోటు పొడిచింది.

"బీరువా చేశానమ్మా" అన్నాడు నెమ్మదిగా.

అవునన్నాను.

నవ్వు మొదలైంది ఆయనకి. ముందు భుజాల్లో, తర్వాత పొట్టలో. కళ్ళజోడు తీసి తుడుచుకునేదాకా నవ్వాడు. అయ్యాక మోకాళ్ళకంటిన పొట్టు దులుపుకుంటూ లేచాడు.

"తప్పు నాదే" అన్నాడు. "పద, వేరేది చేద్దాం."

మూడేళ్ళు, రోజుకి ఎనిమిది గంటలు, ఆ రెండు ముక్కలు ఎవరైనా అంటారేమోనని హెడ్‌ఫోన్లు పెట్టుకుని కాపలా కాశాను. మా నాన్న మోకాళ్ళు దులుపుకుంటూ అనేశాడు. ఏమీ మునిగిపోలేదు.

షెడ్డులో ఒక చెక్కముక్కా, తన చెవి మీది పెన్సిలూ నా చేతికిచ్చి, ఎలా ఉండాలో గియ్యమన్నాడు. ఇన్ని రోజులు చూసింది నువ్వే కదా అన్నాడు. గీశాను. అరలు కిందికి, మోకాలి ఎత్తుకి. కర్ర అన్నిటికంటే పైకి. గుండ్రంగా కాదు, మూడు వేళ్ళ వెడల్పున బల్లపరుపుగా, అంచులు మాత్రం మొద్దుగా. పాలిష్ లేదు. ట్రైనీ కోసం మధ్యలో ఒక చిన్న మెట్టు. నాన్న నా గీతల మీద కొలతలు వేశాడు. ఒకచోట నాది తప్పైతే కొట్టేశాడు, ఒకచోట తనది తప్పని నేను కొట్టేశాను.

ఆయన కొత్త కర్రకి ఉప్పుకాగితం పడుతుంటే రెండో సంగతి చెప్పాను. ఉద్యోగం మానేశానని. ఆయన చెయ్యి ఆగలేదు.

"సెలవుకొచ్చేవాళ్ళు పెన్నుల స్టాండు వెంట తెచ్చుకోరు కదమ్మా" అన్నాడు.

నాకు ఉద్యోగం వచ్చినప్పుడు, ఆఫీసు బల్ల మీద పెట్టుకోమని ఆయన చేసిచ్చిన స్టాండు. పది రోజులుగా నా ముందే ఉంది. దాని ముందు కూర్చునే నేను ఎవరికీ తెలీదని రాసుకుంటున్నాను.

"టీ ఇచ్చిన రోజే చూశావా? మరి అడగలేదేం?"

"నువ్వు కర్ర సంగతి ఎందుకు చెప్పలేదో, నేనూ అందుకే."

డిజైను సెక్షను కాదన్నది మాత్రం ఆయనకి తెలీదు. అది చెప్పినప్పుడు చెయ్యి ఆగింది. అందరికీ చెప్పుకున్నానే అన్నాడు, కోపంగా కాదు, లెక్కపెట్టుకుంటున్నట్టు. నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. ఏడుస్తూనే ట్రైనీ సంగతి చెప్పాను, పెద్దాయన గాజుసామానుతో సహా, పదకొండు సెకన్లతో సహా.

అంతా విన్నాక ఒక్కటే అడిగాడు. "ఆ పిల్లకి ఫోను చేశావా?"

లేదన్నాను.

ఉప్పుకాగితం నా చేతిలో పెట్టాడు. "ఇది పూర్తి చెయ్యి. తర్వాత అది."

సాయంత్రం అమ్మకి చెప్తే చెప్పులు కూడా విప్పకుండా నిలబడి వింది. ఉద్యోగం మానేసినవాళ్ళ మొహం తనకి తెలుసట, తనే రెండుసార్లు మానేసిందట. నాన్నకి తెలిసింది అందులో ఒకసారేనట. నాన్న ఉలిక్కిపడి అమ్మవైపు తిరిగాడు. నేను నెమ్మదిగా నా గదిలోకి వచ్చేశాను.

13వ తేదీ, గురువారం

కొత్త కర్ర బిగించాం. అరలు కిందికి దించాం. అంతసేపూ కోళ్ళని అట్టడబ్బాల్లో పెడితే రిసెప్షను మూత తోసుకుని తల బయటపెట్టి మొత్తం పనిని పర్యవేక్షించింది.

పొద్దు వాలాక, కోళ్ళకి చూపు మందగించే వేళ, ఒక్కొక్కదాన్నీ రెండు చేతులతో ఎత్తి కర్ర మీద పెట్టాను. మేనేజరు బరువు. ఆడిటరు కర్రని ముక్కుతో రెండుసార్లు కొట్టి చూసిగానీ కాలు దించలేదు. ట్రైనీని చివర పెట్టాను. అరచేతిలో దాని గుండె తెలుస్తోంది, గడియారం ముల్లు తొందరపడితే ఎలా ఉంటుందో అలా. వేళ్ళు కర్ర అంచుని పట్టుకున్నాయి. చెయ్యి తీశాను. పడలేదు. కాసేపు ఒకదాన్నొకటి తోసుకున్నాయి, తర్వాత నాలుగూ బస్సులో సర్దుకున్నట్టు సర్దుకుని మెడలు లోపలికి లాక్కున్నాయి.

షెడ్డు గుమ్మం దగ్గర నాన్న రెండు చేతులూ పైకెత్తాడు.

14వ తేదీ, శుక్రవారం

ఫోను చేశాను. మూడుసార్లు మోగాక ఎత్తింది. నా పేరు విన్నాక కొంచెంసేపు ఏమీ వినపడలేదు. లెక్కపెట్టకుండా ఉండడానికి చాలా కష్టపడ్డాను.

రంధ్రం చూపించింది నేనే, సున్నా వేసిందీ నేనే, తప్పు నాది అన్నాను. ముందే కాగితం మీద రాసుకున్నవి ఇంకా ఉన్నాయి గానీ అవన్నీ సాకుల్లా కనిపించాయి, చదవలేదు.

"తెలుసక్కా. ఆ మార్కుల కాగితం కింద మీ సంతకం ఉంది కదా" అంది.

చాలా కోపం వచ్చిందని చెప్పింది. ఇప్పుడూ కొంచెం ఉందంది. ఇప్పుడు సైకిళ్ళ షాపులో పని చేస్తోందట. ఏదైనా తప్పు జరిగితే సైకిలు వెనక్కి తీసుకుని బాగుచేసిస్తారట, అక్కడ అదంతా ఇంత తేలికా అని మొదటివారం తనే నమ్మలేదట. ఆ పెద్దాయన సంగతి కూడా చెప్పింది. తనని తీసేశారని తెలిసి ఆయన కంపెనీకి చేత్తో రాసిన ఉత్తరం పంపాడట, దాని నకలు తనకీ పంపాడట. ఇంట్లో ఆయన మర్యాద ఆయనకి దక్కిందట.

మీరేం చేస్తున్నారని అడిగితే కోళ్ళ గురించి చెప్పాను. పేర్లు కూడా. చెప్పాక నాలిక కరుచుకున్నాను. కానీ అవతల నవ్వు వినిపించింది.

"ఇంకా ట్రైనీ ఏంటక్కా. ప్రమోషన్ ఇవ్వండి దానికి."

పెట్టేసేముందు మళ్ళీ చేస్తానన్నాను. చెయ్యండి అంది, నిజంగా చెయ్యమనో వద్దనో తెలీని గొంతుతో. ఫరవాలేదు. చేస్తాను.

15వ తేదీ, శనివారం

పొద్దున్నే గూడు తలుపు తెరిచాను. గంటసేపు ఎవరూ బయటికి రాలేదు. తర్వాత రిసెప్షను గడప మీద నిలబడి, ఎవరూ పిలవకపోయినా బయటికి వచ్చింది. మిగతావి వెనకే. రోజంతా పెరడు తవ్విపోశాయి. అమ్మ ఆరేసిన మేజోడు ఒకటి కనపడలేదు.

పొద్దు వాలుతుంటే నేను పిలవలేదు, తోలలేదు. గుమ్మంలో కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరుకున్నాను. ఇంత కష్టమైన పని ఈ మధ్య చెయ్యలేదు. మేనేజరు ముందు వెళ్ళింది. ఆడిటరు. రిసెప్షను. ట్రైనీ ఒక్కటే పెరటి చివర ఆగిపోయింది, గోడ వంక చూస్తూ. అటు వెళ్తుందనుకున్నాను. చీకటి ఇంకొంచెం ముదిరాక ఇటు తిరిగింది, కుంటకుండా నడిచి గూట్లోకి వెళ్ళింది, మెట్టు మీద ఆగి, కర్ర మీదికి ఎగిరింది. తనంతట తనే.

తలుపు గడియ పెట్టి వచ్చి రెండు కప్పులు టీ తాగాను.

17వ తేదీ, సోమవారం

టీచరుగారు సాయంత్రానికి వచ్చారు, అదే టాక్సీలో. ఈసారి టాక్సీ అతను దిగి తనూ చూస్తానన్నాడు. పొద్దు వాలేదాకా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నాలుగూ వరసగా లోపలికెళ్ళి కర్ర ఎక్కడం చూసి, కళ్ళజోడు సర్దుకుని, లేచి గూట్లోకి వంగి చూశారు. ఫారం మాట ఎత్తలేదు.

నీ సెలవు ఎప్పటిదాకా అని అడిగారు నన్ను.

"సెలవు కాదండీ. ఉద్యోగం మానేశాను" అన్నాను. అమ్మా నాన్నా ఇద్దరూ అక్కడే ఉన్నారు. టాక్సీ అతను కూడా.

ఆవిడ ఒకసారి తలూపారు, లెక్కలో వదిలేసిన మెట్టు మళ్ళీ రాసి చూపించినప్పుడు ఊపినట్టు. తర్వాత నాన్నవైపు తిరిగి, మొదటిరోజు తను చూసిన గూడు ఇలా లేదే, కర్ర అరల కింద ఉండేదే అన్నారు.

నాన్న చెవి మీది పెన్సిలు తీసి మళ్ళీ అక్కడే పెట్టుకున్నాడు.

"అది నా తప్పండీ. బీరువా చేసేశాను" అన్నాడు. "ఈ డిజైను మా అమ్మాయిది."

19వ తేదీ, బుధవారం

మొదటి గుడ్డు. అరలోనే, పెట్టాల్సిన చోటే. ఎవరిదో తెలీదు. నాలుగూ నాదంటే నాదని పొద్దుట్నించీ అరుస్తున్నాయి.